వార్తల్లో పదం: నిర్ణీత కాల ఉద్యోగం

మాంద్యం తగ్గి ఆర్డర్లు మొదలైనంత మాత్రాన కంపెనీలు పర్మనెంటు పోస్టులు తెరవవు. గిరాకీ నిలబడుతుందో లేదో చూసుకుంటూ ముందు ఏడాదికో రెండేళ్లకో మనుషుల్ని తీసుకుంటాయి. సింగరాయకొండలో రైలెక్కి చెన్నై వైపు పనికి వెళ్లాలనుకునే డిప్లొమా కుర్రాడికి ఇదే మొదటి మెట్టు కావచ్చు.

అయితే ‘కాంట్రాక్టు’ అన్నవన్నీ ఒకటి కాదు. ఏజెన్సీ ద్వారా చేరితే జీతమిచ్చేది కాంట్రాక్టరు. నిర్ణీత కాల ఉద్యోగంలో కంపెనీయే నేరుగా రాతపూర్వక ఒప్పందం చేసుకుంటుంది. అదే పని చేసే పర్మనెంటు కార్మికుడికి తగ్గకుండా జీతం, పనివేళలు, సౌకర్యాలు ఇవ్వాలి. 2018లో కేంద్రం దీన్ని అన్ని రంగాలకూ విస్తరించింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన లేబర్ కోడ్‌లు ఇంకో మేలు చేశాయి: పర్మనెంటు వారికి గ్రాట్యుటీ కావాలంటే 5 ఏళ్ల సర్వీసు ఉండాలి, నిర్ణీత కాల ఉద్యోగికి ఏడాది చాలు.

మెలికంతా గడువు ముగిసే చోటే ఉంది. ఒప్పందం ముగిసి ఇంటికి పంపితే అది రిట్రెంచ్‌మెంటు (ఉద్యోగం నుంచి తొలగింపు) కిందికి రాదు, ఆ పరిహారమూ ఉండదు. రెన్యువల్ యాజమాన్యం ఇష్టం.

సర్కారు కొలువుల కథ వేరు. దళారీ ఏజెన్సీల బెడద తప్పించేందుకంటూ ఆంధ్రప్రదేశ్‌లో 2020 జూలైలో ఔట్‌సోర్సింగ్ ఉద్యోగుల కోసం ప్రభుత్వ సంస్థ ఆప్కాస్ మొదలైంది. జీతం నేరుగా ఖాతాలో పడటం చిన్న విషయమేమీ కాదు. కానీ ఏళ్ల తరబడి చేశామన్న ఒక్క కారణంతో క్రమబద్ధీకరణ హక్కు రాదని సుప్రీంకోర్టు 2006లోనే ఉమాదేవి కేసులో తేల్చింది.

కాబట్టి సంతకం పెట్టేముందు కాగితం మీద యజమానిగా ఎవరి పేరుందో, పీఎఫ్ ఎవరు కడతారో చూసుకోవాలి.