లింకు తెగలేదు, దారి చెప్పే పేరు మారింది

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మన చిత్తూరు జిల్లాను వదిలి మద్రాసు రాష్ట్రంలో కలిసింది. మధ్యవర్తి పటాస్కర్ సిఫారసుల మేరకు జరిగిన సరిహద్దు మార్పు అది. కొండ కదల్లేదు, సుబ్రహ్మణ్యస్వామి గుడి కదల్లేదు. ఊరి దస్త్రాలు మాత్రం ఒక కచేరీ నుంచి మరో కచేరీకి మారాయి. పాత చిరునామా పట్టుకుని చిత్తూరు వెళ్లినవాడికి అక్కడ జవాబు చెప్పేవారుండరు. బ్రౌజరు మార్చాక మైక్రోసాఫ్ట్ ఆఫీసులో లింకులు మొరాయించడం వెనక ఉన్నదీ ఇదే సంగతి.

ఇప్పుడు తిరువళ్లూరు జిల్లాలో ఉన్న ఆ ఊళ్లో, ఇంట్లో తెలుగే మాట్లాడే ఒకాయన డీటీపీ షాపు నడుపుతున్నాడు. ఎక్సెల్ షీటులో నీలిరంగు అక్షరాల మీద నొక్కితే, ఈ కంప్యూటరులో అమల్లో ఉన్న ఆంక్షల వల్ల పని రద్దయిందనీ, సిస్టమ్ అడ్మినిస్ట్రేటరును సంప్రదించమనీ ఇంగ్లీషులో ఒక పెట్టె వస్తోంది. "లింకులన్నీ చచ్చిపోయినాయన్నా. ఫార్మాట్ కొట్టాల్సిందేనంట" అన్నాడు. ఆ షాపుకు ఆయనే యజమాని, ఆయనే అడ్మినిస్ట్రేటరు. ఆంక్ష పెట్టినవాళ్లెవరూ లేరు.

అసలు ఈ లింకు అనే ఆలోచన 1945 నాటిది. ఒక కాగితం నుంచి దానికి సంబంధించిన ఇంకో కాగితానికి చటుక్కున దూకించే యంత్రాన్ని వానీవర్ బుష్ ఆ ఏడాది ఊహించి రాశాడు. 1965లో టెడ్ నెల్సన్ దానికి హైపర్‌టెక్స్ట్ అని పేరు పెట్టాడు. 1968 డిసెంబరు 9న శాన్ ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ మౌసు పట్టుకుని అందరి ముందూ నొక్కి చూపించాడు. 1989లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ వేసిన ప్రణాళికతో అది ప్రపంచమంతటికీ పాకింది. రెండు కొసలూ ఒకదాన్నొకటి ఎరిగి ఉండాలని నెల్సన్ పట్టుబడితే, బెర్నర్స్-లీ ఒకవైపు దారి చాలన్నాడు. ఎవరి అనుమతీ అడగకుండా ఎవరికైనా లింకు వేయొచ్చు. వెబ్ అంత వేగంగా పెరగడానికి కారణం ఈ స్వేచ్ఛే అని నా నమ్మకం. ఆఫీసు 97తో ఆ లింకు వర్డులోకి, ఎక్సెల్‌లోకి వచ్చి కూర్చుంది.

అయితే వర్డుకు వెబ్ పేజీ తెరవడం తెలియదు. మనం నొక్కగానే చిరునామాను విండోస్ చేతికిస్తుంది. విండోస్ తన రిజిస్ట్రీ తెరిచి, ఇలాంటి చిరునామాలు, హెచ్‌టిఎమ్‌ఎల్ ఫైళ్లు తెరిచే పని ఎవరిదో చూస్తుంది. కొత్త బ్రౌజరును డిఫాల్టుగా పెట్టుకోగానే అక్కడ దాని పేరు చేరుతుంది. దాన్ని తీసేసినప్పుడు, లేదా అప్‌గ్రేడ్ సగంలో ఆగినప్పుడు, ప్రోగ్రాము పోయినా పేరు మిగిలిపోవచ్చు. ఆ పేరు గలవాడు యంత్రంలో లేడు. ఆఫీసు చేతులెత్తేసి, ఆంక్షలంటూ తప్పుదారి పట్టించే సందేశం చూపిస్తుంది.

ఆ షాపులో జరిగింది అదే. క్రోమ్‌ను తీసేశారు. రిజిస్ట్రీలో కరెంట్ యూజర్ కింద సాఫ్ట్‌వేర్, దానిలో క్లాసెస్, దానిలో డాట్ హెచ్‌టిఎమ్‌ఎల్ దగ్గర క్రోమ్ పేరు అలాగే నిలిచి ఉంది. ముందు రిజిస్ట్రీకి ఒక నకలు తీసి దాచుకుని, ఆ విలువను హెచ్‌టిఎమ్‌ఎల్‌ఫైల్ అని మార్చి, ఎక్సెల్ మూసి తెరిచాం. లింకు తెరుచుకుంది.

అయితే విండోస్ 10, 11లో డిఫాల్టు బ్రౌజరు ఎంపికను రిజిస్ట్రీలో చేత్తో దిద్దితే విండోస్ ఒప్పుకోదు. సెట్టింగ్స్‌లో యాప్స్, అందులో డిఫాల్ట్ యాప్స్ తెరిచి, ఉన్న బ్రౌజరునే మళ్లీ ఎంచుకోవాలి. హెచ్‌టిటిపి, హెచ్‌టిటిపిఎస్, డాట్ హెచ్‌టిఎమ్, డాట్ హెచ్‌టిఎమ్‌ఎల్ నాలుగింటికీ అదే పేరు ఉందా అని చూసుకోవాలి.

ఆంక్షల పెట్టె కనిపించగానే ఫార్మాట్ చేయించి ఏళ్ల నాటి ఫైళ్లు పోగొట్టుకోకండి. ముందు ఆ నాలుగు పేర్లూ చూడండి.