దాశరథి కవిత్వంలో వీణ: యుద్ధం, మౌనం, నాదం

1948 సెప్టెంబర్ 16న భారత సైన్యం షోలాపూర్–హైదరాబాద్ రహదారిపై మందుపాతరలను తొలగించుకుంటూ జహీరాబాద్‌ను దాటి ముందుకు సాగింది. మరునాడు హైదరాబాద్ సంస్థానం లొంగిపోయింది. అంతకుముందు రజాకార్ల దాడులకు, నిజాం నిర్బంధానికి గురైన తెలంగాణను కవిత్వంలో నిలిపిన దాశరథి కృష్ణమాచార్యులు (1925–1987) 'అగ్నిధార' (1949) వెనువెంటనే వెలువరించిన సంపుటికి 'రుద్రవీణ' (1950) అని పేరు పెట్టారు. రక్తపాతపు కాలానికి వాద్యం పేరెందుకన్నది ఇక్కడి ప్రశ్న.

తెలుగు కావ్యసంప్రదాయంలో వీణ ప్రధానంగా సరస్వతీ హస్తభూషణం. లాలిత్యానికి, విద్యకు సంకేతం. రుద్రవీణ హిందుస్తానీ ధ్రుపద్ సంప్రదాయానిది. దండానికి రెండువైపులా పెద్ద బుర్రలుండే ఈ వాద్యం మంద్రస్థాయి గాంభీర్యానికి, నిదానమైన ఆలాపనకు ప్రసిద్ధం. 'రౌద్రం' అనే మాట 'రుద్ర' శబ్దం నుంచే పుట్టింది. కాబట్టి ఆ శీర్షిక నాదాన్నీ ఆగ్రహాన్నీ ఒకే సమాసంలో కలుపుతుంది.

దాశరథి నిజామాబాద్ జైలులో బందీగా ఉన్నప్పుడు గోడలపై బొగ్గుతో పద్యాలు రాశారు. తెలంగాణను వీణగా సంభావించిన ఆయన ప్రసిద్ధ పద్యం తేటగీతి. ప్రతి పాదంలో ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, మళ్లీ రెండు సూర్యగణాలు ఉండే ఆ దేశి ఛందస్సు పాటకు దగ్గరిది. పద్యం మాట పోయిన గొంతులతో మొదలవుతుంది. వీణ చివరి పాదంలోగాని రాదు. ఈ క్రమమే కీలకం. హింస మొదట హరించేది గొంతును. వీణ ఆ గొంతు తిరిగి పలకడానికి గుర్తు. అందువల్ల ఇక్కడ సంగీతం యుద్ధం నుంచి తప్పించుకునే తావు కాదు, మౌనానికి చెప్పిన జవాబు.

ఆ జవాబుకు పరిధి ఎంత? సైనిక చర్య తర్వాత ముస్లిం పౌరులపై జరిగిన హత్యాకాండను పండిత్ సుందర్‌లాల్ కమిటీ నమోదు చేసింది. తీవ్రంగా దెబ్బతిన్నవిగా అది గుర్తించిన నాలుగు జిల్లాల్లో బీదర్ ఒకటి. 1956 వరకు జహీరాబాద్ ఆ జిల్లాలోని తాలూకాయే. గాలిబ్ ఉర్దూ గజళ్లను తెలుగులోకి తెచ్చిన కవి దాశరథి. అందుకే ఆయన వీణను చదివేటప్పుడు అందులో వినిపించే గొంతులతోపాటు, ఆనాడు ఎవరి గొంతులు ఏ వీణపైనా పలకలేదో కూడా పరిశోధకులు లెక్కలోకి తీసుకోవాలి.