గండికోటలో ఒక ఆదివారం

సంక్రాంతి సెలవులలో వచ్చిన ఆదివారంనాడు మేము ఐదుగురు ఉపాధ్యాయులము ప్రొద్దుటూరునుండి గండికోటకు బయలుదేరినాము. ఐదుగురమన్న మాటేగాని ఆరవవారు కూడ ఒకరున్నారు. మా తెలుగు పండితులవారి మనుమరాలు ఎనిమిదవ తరగతి చదువుచున్నది. తానును వచ్చెదనని పట్టుబట్టినది. పిల్ల ఎండకు తాళలేదని ఇంటిలో అవ్వ అడ్డుపడినది. ఎండకు తాళలేనివారము మేమేనని మధ్యాహ్నానికి తేలినది.

జమ్మలమడుగు వరకు బస్సు, అక్కడినుండి ఆటో. పడమరగా తొమ్మిది పది మైళ్ళ దారి. ఇరువైపుల నల్లరేగడి చేలలో శనగపైరు పచ్చగా ఉన్నది. నేల కొంచెము కొంచెముగా పైకి లేచి, నలుపు విడిచి ఎరుపునకు మారుచుండగా ఎర్రమల కొండల మీదికి వచ్చినామని తెలిసినది. పెన్న ఎక్కడనో ప్రక్కనే ఉన్నదని తెలుసును, కాని కనబడదు. గండికోట చమత్కారమంతా అదియే. అంచువరకు పోయి నిలిచినగాని అక్కడ లోయ ఉన్నదని ఎవరూ ఊహింపలేరు.

ఈ దారిని 1652లో ఒక ఫ్రెంచి వర్తకుడు ఎక్కినాడు. ఆయన పేరు టావెర్నియే. గోల్కొండ సుల్తానుకు ముత్యాలు అమ్మవలెనని వచ్చినవాడు. ఏ సరుకైనను ముందుగా వజీరు మీర్ జుమ్లాకు చూపవలెనను మర్యాద ఉండుటచేత, ఆ వజీరును వెదకికొనుచు ఇంతదూరము వచ్చినాడు. కొండ మీదికి ఒకటే దారి అనియు, అది కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులకు మించదనియు, ఒకప్రక్క చూడ భయము గొలుపు అగాధమనియు వ్రాసినాడు. కోట లోపలి మైదానములో వరి, జొన్నవంటి పైర్లు ఉన్నవనియు, చిన్న చిన్న ఊటలు వానికి నీరిచ్చుచున్నవనియు కూడ వ్రాసినాడు. వర్తకుడైనను పైరును, నీటిని గమనించినాడు. నాకు అతనిపై గౌరవము కలిగినది అక్కడనే.

కోటగోడ చుట్టుకొలత సుమారు 5 మైళ్ళనియు, బురుజులు 101 అనియు ప్రసిద్ధి. మేము లెక్కపెట్టలేదు. లెక్కల మాస్టారు మాత్రము ఆరంభించి, పదునాలుగవదాని వద్ద ముళ్ళకంపలకు లొంగిపోయినారు. 1123లో కాకరాజను సామంతుడు మొదట ఈ కోటను కట్టించినాడని కైఫియతుల సంప్రదాయము. తరువాత విజయనగరము వారి కాలమున పెమ్మసాని నాయకుల చేతికి వచ్చి, వారి పేరుతోనే నిలిచినది. శ్రీకృష్ణదేవరాయల సేనలో పేరుపొందిన పెమ్మసాని రామలింగ నాయకుడు ఈ వంశమువాడే.

ద్వారము దాటగానే ఇండ్లు కనబడినవి. కోటలోపల ఇప్పటికిని ఒక చిన్న ఊరున్నది. గోడనీడన మేకలను నిలిపికొని కూర్చున్న ఒక ముసలమ్మ మమ్ము చూచి, "యా ఊరు సారూ? కోట చూసేదానికి వచ్చినారా?" అని అడిగినది. ఔనన్నాము. "చూడండి, చూడండి. రాళ్ళే కదా" అన్నది. ఆమె మాటలో నిష్ఠురము లేదు. పుట్టినది మొదలు చూచుచున్న రాళ్ళు ఆమెకు రాళ్ళే.

చార్మినారని పిలుచు చిన్న గోపురమును, చెరసాలను త్వరగా చూచి ముందుకు సాగినాము. జుమ్మా మసీదు విశాలమైన కట్టడము. ప్రక్కనే ధాన్యపుకొట్టు. దాని కప్పు క్రింద నిలిచి పిల్ల ఒక కేక వేసినది. అది చుట్టివచ్చి తిరిగి మామీదనే పడినది. ఎదుట కత్తుల కోనేరు. యుద్ధము ముగిసిన పిమ్మట కత్తులు కడుగగా నీరు ఎర్రనైనదట. ఎర్రరాతి నేలమీది కోనేటి నీరు ఎర్రగా ఉండుటకు కత్తులే కావలెనా అని సైన్సు మాస్టారు గొణిగినారు. పండితులవారు వినిపించుకొనలేదు.

మాధవరాయస్వామి ఆలయము వద్ద మేము నిలిచిపోయినాము. గోపురము ఎత్తైనది, లోపలి మంటపములో స్తంభస్తంభమునకు శిల్పమున్నది. మా డ్రాయింగు మాస్టారు ఒక స్తంభము ముందు చతికిలబడి, తెచ్చిన కాగితము విప్పినారు, గంటవరకు లేవలేదు. పిల్ల నేరుగా గర్భగృహము గడపవరకు పోయినది. లోపల చీకటి, గబ్బిలముల వాసన. పీఠమున్నది, మూర్తి లేదు.

"తాతా, దేవుడేడీ?" అన్నది.

పండితులవారు ముప్పది యేండ్లుగా తరగతిలో చెప్పుచు వచ్చిన కథను అందుకొన్నారు. మీర్ జుమ్లా కోటను పట్టుకొని, విగ్రహములను కరిగించి ఫిరంగులు పోయింపబోయినాడు. విగ్రహములు కరుగలేదు. ఎంత నిప్పు పెట్టినను కరుగలేదు. "దైవశక్తి తల్లీ!" అని ముగించినారు.

"ఆ కొలిమి కెంత వేడి పుట్టిందో మీకు తెలుసునా స్వామీ?" అన్నారు సైన్సు మాస్టారు. రాగి కరుగుటకు 1085 డిగ్రీల వేడి కావలెను. పది అడుగుల విగ్రహమును ముక్కలు చేయకుండ కొలిమిలో ఎట్లు పెట్టెదరు? ఒకప్రక్క కాగుచుండగా మరొకప్రక్క చల్లారుచుండును. మాటకు మాట పెరిగినది. ఇద్దరును ఇరువదియేండ్ల స్నేహితులు. ఐనను ఆ గడప ముందర ఒకరి ముఖము ఒకరు చూడక నిలిచినారు.

ఈ కథ పండితులవారు కల్పించినది కాదు. టావెర్నియే వ్రాసినదే. మీర్ జుమ్లా ఇరువది ఫిరంగులు పోయింపదలచి, మైయే అను ఒక ఫ్రెంచివానిని నియమించినాడు. ఆ పనికై చుట్టుప్రక్కల గుళ్ళనుండి రాగి విగ్రహములు తెప్పించినారు. గండికోటలోని ఒక ఆలయములో ఆరు రాగి విగ్రహములుండెను. అందు మూడు కూర్చున్నవి. మూడు పది అడుగుల ఎత్తువి. తక్కినవి కరిగినవి గాని ఈ ఆరును కరుగలేదు. మంత్రము వేసినారని నవాబు పూజారులను బెదరించినాడు. తుదకు మైయే పోసినది ఒక్క ఫిరంగి. అదియును పరీక్షలో పగిలిపోయినది. మిగిలినవి అరకొరగా విడిచి, కొన్నాళ్ళకు కొలువు మానుకొని వెళ్ళిపోయినాడు.

నాకు తెలిసినంతవరకు ఇంతయు వారిద్దరికి చెప్పినాను. పనిలో ఆరితేరని పోతగాడు తప్పు తనదని ఒప్పుకొనక మంత్రముమీదికి నెట్టియుండవచ్చునని నాకు తోచుచున్నది. ఒక్క ఫిరంగియు నిలువ పోయలేనివాని మాటలో ఎంత నమ్మవలెను? కాని పిల్ల అడిగినది ఇంకొకటి.

"మరి ఆ పూజారులు ఏమైనారు సార్?"

టావెర్నియే ఆ సంగతి వ్రాయలేదు. విగ్రహముల ఎత్తు వ్రాసినాడు, ఫిరంగుల సంఖ్య వ్రాసినాడు. బెదరిన మనుష్యుల పేర్లైనను వ్రాయలేదు. కరిగినవా కరుగలేదా అని వాదించుచున్న మాలో ఒక్కరికిని ఆ ప్రశ్న తోచలేదు. సైన్సు మాస్టారు పండితులవారి చేతికి మంచినీళ్ళ సీసా ఇచ్చినారు. తగవు అంతటితో ఆగినది.

రంగనాథాలయపు నీడలో సద్దిమూటలు విప్పినాము. చిత్రాన్నము, జొన్నరొట్టెలు, ఊరిబిండి, పెరుగన్నము. పిల్లను నవ్వించుటకు మీర్ జుమ్లా కొలువు చేయు తీరు చెప్పినాను. ఇది కూడ టావెర్నియే కన్నులార చూచినదే. ఆ వజీరు గుడారములో వట్టి పాదములతో కూర్చుండి, వచ్చిన ఉత్తరములను కాలివ్రేళ్ళ సందులలోను, ఎడమచేతి వ్రేళ్ళ సందులలోను ఇరికించుకొని, ఒక్కొక్కటే లాగి జవాబులు చెప్పి వ్రాయించెడివాడట. పిల్ల వెంటనే చెప్పులు విడిచి, కాలివ్రేళ్ళ నడుమ విస్తరాకు ముక్కలు పెట్టుకొని చూచినది. ఇరానునుండి వచ్చి, వజ్రముల వర్తకముచేత పైకి వచ్చి, గోల్కొండకు వజీరై, తరువాత గోల్కొండనే విడిచి మొగలాయీలలో చేరి, అస్సాము దండయాత్ర ముగించి 1663లో మరణించిన మనిషి. ఆయన జీవితములో గండికోట ఒక ఉత్తరము వంటిదే కాబోలు.

ఎండ వాలినాక లోయ అంచునకు పోయినాము. ఇక్కడ పెన్న ఎర్రమల కొండను కోసికొని సుమారు 300 అడుగుల వెడల్పునకు కుంచించుకొని పోవుచున్నది. ఆ గండివలననే గండికోట. పలకలు పలకలుగా పేర్చినట్లున్న ఆ ఎర్రరాతికి భూగర్భశాస్త్రజ్ఞులు గండికోట క్వార్ట్‌జైటు అనియే పేరు పెట్టినారు. వయస్సు నూరుకోట్ల యేండ్లకు పైమాట. క్రింద నీరు నిలకడగా ఉన్నది. దిగువ మైలవరము ఆనకట్ట, ఎగువ గండికోట జలాశయము. ఆ జలాశయము నిండుటకై 2020లో తాళ్ళప్రొద్దుటూరు వంటి ఊళ్ళు ఖాళీ అయి మునిగిపోయినవి. అక్కడ చదివిన పిల్లలలో కొందరు నేడు మా బడులలో ఉన్నారు. కోటలోని ముసలమ్మకు తన రాళ్ళైనను మిగిలినవి.

ఆ అంచున కూర్చున్నప్పుడు పిల్ల నన్నొక మాట అడిగినది. "సార్, లింగన్నే విషం పెట్టకపోయింటే కోట పడేది కాదు కదా?"

ఆ కథ ఆమెకు చెప్పినవాడను నేనే. కోట ఆఖరి నాయకుడైన చినతిమ్మానాయుని, ఆయన మంత్రియైన పొదిలి లింగన్న శత్రువు ఇచ్చిన ఆశకు లోబడి విషము పెట్టి చంపినాడని ఈ ప్రాంతమున చెప్పుకొందురు. ఏటేటా తరగతిలో చెప్పినాను. లింగన్న పేరు వచ్చినప్పుడు పిల్లల ముఖములు ముడుచుకొనును. అది చూచి పాఠము బాగుగా సాగినదని సంతోషించినాను కూడ.

టావెర్నియే కోట పట్టుబడిన కొద్ది దినములకే వచ్చినవాడు. మూడు మాసముల ముట్టడి జరిగినదన్నాడు. డచ్చి కొలువు విడిచి వచ్చిన ఫ్రెంచివారి సాయము లేకపోయిన కోట దక్కెడిది కాదన్నాడు. ఇంగ్లీషు, డచ్చి, ఇటలీ గుండువాండ్లు కూడ ఉండిరన్నాడు. విషము మాట నేనందు చూడలేదు. ఐతే అతనికి ఆ కబురు చెప్పినవారు బహుశః ఆ గుండువాండ్లే. ఎవని పనిని వాడు గొప్పగా చెప్పుకొనును. విషము పెట్టించిన నవాబు ఆ సంగతిని ముత్యాల వర్తకునితో చెప్పునా? కాబట్టి లింగన్న నిర్దోషి అనుటకు నా వద్ద ఆధారము లేదు. దోషి అనుటకు మాత్రమేమున్నది? ముప్పది తరగతుల పిల్లలచేత ఒక మనిషిని ద్రోహి అనిపించితిని గదా అని గుండెలో ఏదో గ్రుచ్చుకొన్నది.

"నాకు తెలియదమ్మా" అన్నాను.

పిల్ల నన్ను వింతగా చూచినది. "మీరే చెప్పినారు కదా సార్!"

"చెప్పినాను. తెలియకనే చెప్పినాను."

పండితులవారు ప్రక్కనే ఉండి విన్నారు, ఏమియు అనలేదు. డ్రాయింగు మాస్టారు స్తంభపు బొమ్మను చుట్టి చంకన పెట్టుకొన్నారు. ఆటోవాడు పైనుండి హారను కొట్టుచున్నాడు. ప్రొద్దు క్రుంకిన పిమ్మట ఆ దారిన పోవుట అతనికి ఇష్టము లేదు.

జమ్మలమడుగు బస్టాండులో టీ త్రాగుచుండగా పిల్ల నోటుపుస్తకము తీసి ఆనాటి విశేషములు వ్రాసికొనుట మొదలుపెట్టినది. సైన్సు మాస్టారు ఆమెకు రాగి, తగరముల లెక్క చెప్పుచున్నారు. కొంతసేపటికి ఆమె తలయెత్తి, "లింగన్న దగ్గర ఏం రాయాలి సార్?" అని అడిగినది. ఇద్దరము కలిసి ఆలోచించుచుండగానే ప్రొద్దుటూరు బస్సు వచ్చినది. ఆ చోట రెండు పంక్తులు ఖాళీ విడిచి, ఆమె పుస్తకము మూసినది.