‘బి’కీ ‘డి’కీ మధ్య ఓ పిల్లాడు

సంతోష్‌నగర్‌లో సాయంత్రాలు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతుంటా. నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఇంట్లో ఉర్దూ మాట్లాడేవాళ్లున్నారు, తెలుగు మాట్లాడేవాళ్లూ ఉన్నారు. ఉర్దూ కుడి నుంచి ఎడమకి రాస్తారు, ఇంగ్లిష్ ఎడమ నుంచి కుడికి. తెలుగులో ‘క’ ఎక్కడున్నా ‘క’నే. ఇంగ్లిష్‌లో ‘సి’ అక్షరం ‘క్యాట్‌’లో ఒకలా, ‘సిటీ’లో ఇంకోలా పలుకుతుంది. ఇన్ని దారుల్లో నడుస్తున్న పిల్లాడు తడబడితే ‘మొద్దు’ అనేయడం ఎంత తేలికో!

తెలంగాణ సర్కారు బడుల్లో 2022-23 నుంచి 1-8 తరగతులకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలూ ఇచ్చారు. అయినా చదవడం దగ్గర ఆగిపోయే పిల్లలున్నారు.

బద్ధకం కాదు

చిన్నప్పుడు ‘బి’, ‘డి’ తారుమారవడం మామూలే. ఏడెనిమిదేళ్లొచ్చి, ఎంత నేర్పినా ఇంటి భాషలో కూడా అక్షరాలు కూడబలుక్కోలేకపోతుంటే డిస్లెక్సియా ఏమోనని నిపుణులకు చూపించాలి. ఇంగ్లిష్‌లోనే ఇబ్బందైతే ఎక్కువసార్లు కావాల్సింది ప్రాక్టీసే. డిస్లెక్సియాకూ తెలివితేటలకూ సంబంధం లేదు.

అందరూ ఒకే క్లాసులో

ముందు చెవికి, తర్వాత కంటికి. ‘క్యాట్‌’లో మూడు శబ్దాలకి మూడు చప్పట్లు కొట్టిస్తా. పళ్లెంలో రవ్వ పోసి వేలితో రాయిస్తా. హఠాత్తుగా లేపి గట్టిగా చదవమనను, ముందు జంటగా చదువుకోనిస్తా. రాయలేని జవాబు నోటితో చెప్పినా మార్కులేస్తా. వీటివల్ల బాగా చదివేవాళ్లకి నష్టమేం లేదు, వాళ్లకీ సరదానే.

‘తీసుకెళ్లిపోండి’ అంటే?

ఓ అమ్మ వచ్చి, ‘టీచర్, బాబుని వేరే బడిలో వేసుకోమంటున్నారు’ అని ఏడ్చింది. ఆమెకి చెప్పిన మాటే మీకూ చెబుతున్నా. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో ఇలాంటి అభ్యసన వైకల్యం కూడా ఉంది. ప్రభుత్వ గుర్తింపున్న ప్రైవేటు బడికీ ఈ చట్టం వర్తిస్తుంది. వైకల్యం ఉందని పిల్లల్ని కాదనకూడదు, అందరితో కలిపే చదివించాలి. పరీక్షల్లో అదనపు సమయం, రాసిపెట్టే మనిషి, రెండో మూడో భాషల మినహాయింపు లాంటి వెసులుబాట్లు కల్పించాలని కూడా అందులో ఉంది. నిపుణుల సర్టిఫికెట్‌తో అడగండి, నోటిమాటగా కాకుండా రాతపూర్వకంగా.

మీ తమ్ముడో చెల్లో ఇలా ఇబ్బంది పడుతుంటే మీ చేతిలోని ఫోనే సాయం. గూగుల్ లెన్స్‌తో పాఠాన్ని ఫొటో తీస్తే చదివి వినిపిస్తుంది. వింటూ, వేలు పెట్టుకుని చదవమనండి. రోజుకి పది నిమిషాలు చాలు. పక్కన మీరు కూర్చోవాలి, ఎవరితోనూ పోల్చకూడదు.