మిర్యాలగూడ గాలి: కొయ్యకాళ్ల పొగ, ఊక బూడిద ఎవరి ఊపిరితిత్తుల్లోకి?

గాలి కాలుష్యం అనగానే ఢిల్లీయే గుర్తొస్తుంది. పంజాబ్, హర్యానా పొలాల్లో మంట పెడితే రాజధాని ఉక్కిరిబిక్కిరి అవుతోందని ఏటా టీవీల్లో చర్చ నడుస్తుంది. నల్లగొండ జిల్లా మిర్యాలగూడ లాంటి చిన్న పట్టణం ఆ చర్చలోకి రాదు. కానీ అక్కడ కూడా వరి సాగు, వాతావరణం కలిసి గాలిని చెడగొడుతున్నాయి. ఆ గాలిని అందరికంటే దగ్గరగా పీల్చేది పొలాల్లో, మిల్లుల్లో కూలికి పోయేవాళ్లు. సొంత భూమి లేని దళిత కుటుంబాలు ఎక్కువగా బతికేది ఈ కూలి మీదే.

1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక, ఎడమ కాలువ కింది ఈ ప్రాంతం వరి మాగాణి అయింది. వానాకాలం, యాసంగి రెండు పంటలూ వరే. ధాన్యం వెనకే రైస్ మిల్లులు వచ్చాయి.

ఒకప్పుడు కూలీలు కొడవలితో నేలకు దగ్గరగా కోసేవాళ్లు. గడ్డిని వాము వేసి పశువులకు మేపేవాళ్లు. ఇప్పుడు కోత మిషన్ పైన కంకులు కోసి, పొడుగాటి కొయ్యకాళ్లను పొలంలోనే వదిలేస్తోంది. గడ్డిని చెల్లాచెదురు చేస్తోంది. దాన్ని ఏరాలంటే ఖర్చు, తర్వాతి నాటుకు గడువు తక్కువ. అందుకే అగ్గిపుల్ల గీస్తున్నారు. కోత పని పోగొట్టుకున్న దళిత మహిళలకు ఆ మిషన్ పొగను మిగిల్చింది.

ఈ పొగ ఎంత హాని చేస్తుందనేది కాలాన్ని బట్టి ఉంటుంది. వానాకాలం పంట కోతలు అయ్యేసరికి చలి మొదలవుతుంది. రాత్రి నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. దాని పైన వెచ్చటి గాలి పొర మూతలా పరుచుకుంటుంది. కింది పొగ పైకి పోలేక, ఎండెక్కే దాకా ఇళ్ల మధ్యే తచ్చాడుతుంది. చాలా ఊళ్లలో దళితవాడ ఊరి చివర, పొలాల అంచునే ఉంటుంది. పొగ ముందు చేరేది అక్కడికే.

యాసంగిది ఇంకో కథ. ఏప్రిల్ ఎండకు వేడిగాలి పైకి లేచి పొగను కొంత చెదరగొడుతుంది. కానీ అదే ఎండ ధాన్యం లోపల పగుళ్లు తెస్తుంది. పచ్చి బియ్యంగా ఆడిస్తే నూక ఎక్కువ పడుతుంది. అందుకే మిల్లులు ధాన్యాన్ని ఉడికించి ఉప్పుడు బియ్యం చేస్తాయి. 2021లో కేంద్రానికీ, రాష్ట్రానికీ గొడవ వచ్చింది ఈ బియ్యం కొనుగోలు మీదే. ఉడికించే బాయిలర్లకు ఇంధనం ఊక. కాల్చిన ఊక బరువులో సుమారు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది, అందులో ఎక్కువ భాగం సిలికా. ఎండలు ముదిరేకొద్దీ ధాన్యాన్ని ఉడికించాల్సిన అవసరమూ పెరుగుతుంది.

పొలంలో చల్లే యూరియా నుంచి అమ్మోనియా వాయువు లేస్తుంది. అది గాలిలోని ఇతర వాయువులతో కలిసి సన్నటి కణాలుగా మారుతుంది. పొగలోనూ ఇలాంటి కణాలే ఉంటాయి. వీటిని పీఎం 2.5 అంటారు. వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతు కూడా ఉండవు కాబట్టి ఊపిరితిత్తుల లోతుకు చేరతాయి. 24 గంటల సగటున ఇవి ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు దాటకూడదని మన దేశ ప్రమాణం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన పరిమితి 15.

2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద 130 నగరాలు ఉన్నాయి. వాటిలో నల్లగొండ ఉంది, మిర్యాలగూడ లేదు. చిన్న పట్టణాన్నే లెక్కలోకి తీసుకోనప్పుడు దాని చుట్టూ ఉన్న వాడల సంగతి చెప్పాలా?

జరిమానాలతో సరిపెడదామంటే అందులోనూ చిక్కుంది. 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉత్తరాది రాష్ట్రాల్లో రెండెకరాల లోపు రైతు గడ్డి తగలబెడితే 2,500 రూపాయలు కట్టాలంది. దేశ జనాభాలో ఎస్సీలు 16.6 శాతం. సాగు భూమిలో వాళ్ల చేతిలో ఉన్నది 9 శాతం లోపే. అందుకే ఎందరో కౌలుకు దున్నుతున్నారు. 2018లో మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది, కౌలుదారుకు అందలేదు. సాయం పట్టాదారుకు, జరిమానా కౌలుదారుకు అయితే అది న్యాయం కాదు.

కాబట్టి అడగాల్సినవి ఇవి. గాలి కొలిచే యంత్రం మిల్లుల పక్కన, వాడల్లో పెట్టాలి. గడ్డిని కట్టలు కట్టే యంత్రాలను దళిత మహిళా సంఘాలకు ఇవ్వాలి. పొగా తగ్గుతుంది, పోయిన పనిలో కొంతైనా తిరిగొస్తుంది. హమాలీలకు, బాయిలర్ కార్మికులకు యజమాని ఖర్చుతో ఊపిరితిత్తుల పరీక్షలు జరగాలి. మిల్లులకు 1981 వాయు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఇస్తుంది. పొగకు, బూడిదకు పెట్టిన షరతులు ఆ అనుమతి పత్రంలో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దాని నకలు ఎవరైనా అడగొచ్చు. విద్యార్థి సంఘాలు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు.