ఎడారి ఎండలో పడవ స్టీరింగు: నూనె కారేదెక్కడ?

కువైట్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న కబ్ద్‌లో గుర్రపు శాలలు, ఒంటెల దొడ్లు, ఇసుక కనిపిస్తాయే గాని సముద్రం కనిపించదు. అయినప్పటికీ సముద్రం నడుమ బయటపడే స్టీరింగు లోపాలు అనేకం మొదలయ్యేది ఇటువంటి నేల మీదనే. వేసవి అంతా ట్రైలరుపై ఎండలో నిలిచిన పడవ, చలికాలంలో ఒక శుక్రవారం నాడు నీటిలోకి దిగుతుంది. ఫైలకా ద్వీపపు దారిలో చక్రం తిరుగుతుంది, ఇంజను మాత్రం తిరగదు! అప్పుడు పడవ అలల పాలు.

హైడ్రాలిక్ స్టీరింగుకు ఆధారం పదిహేడవ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే. మూసి ఉన్న ద్రవంపై ఒకచోట కలిగించిన పీడనం అన్ని దిక్కులకూ సమానంగా వ్యాపిస్తుంది. చక్రం వెనుకనున్న చిన్న పంపు నూనెను గొట్టం గుండా సిలిండరులోకి నెట్టుతుంది. అందులోని పిస్టను కడ్డీ పడవ వెనుకనున్న ఇంజనును పక్కకు త్రిప్పుతుంది. లారీ జాకీలో పనిచేసేదీ ఈ సూత్రమే.

నూనె కారడం ఈ విద్యకు పుట్టుకతో వచ్చిన జబ్బు. 1795లో జోసెఫ్ బ్రామా హైడ్రాలిక్ ప్రెస్సుకు పేటెంటు పొందినప్పుడు కడ్డీ చుట్టూ ద్రవం ఊరడమే పెద్ద చిక్కు అయింది. ఆయన వద్ద పనిచేసిన హెన్రీ మాడ్‌స్లే గిన్నె ఆకారపు తోలు సీలుతో దానిని తీర్చాడని చెబుతారు. పీడనం పెరిగినకొద్దీ ఆ సీలు అంచు మరింత గట్టిగా కడ్డీకి అతుక్కుంటుంది. నేటి రబ్బరు సీలులోనూ ఇదే ఉపాయం. అయితే అంచు మెత్తగా ఉన్నంతవరకే ఇది చెల్లుతుంది. 2016 జూలై 21న కువైట్‌లోని మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. అటువంటి ఎండలకు ఏళ్ల తరబడి వేగిన రబ్బరు బిరుసెక్కి, అంచు పట్టు వదలుతుంది.

నూనె మరక కనిపించగానే సిలిండరు మార్చడం తొందరపాటు. వేడికి నూనె వ్యాకోచిస్తుంది. నలభై డిగ్రీలు పెరిగితే లీటరుకు దాదాపు ముప్పై మిల్లీలీటర్లు ఎక్కువవుతుంది. చల్లని వేళ అంచుదాకా నింపినవారికి మధ్యాహ్నం మూత రంధ్రం నుంచి పొంగే నూనె లీకులాగే తోస్తుంది. ఇటువంటి దానికి డబ్బు తగలేయడం కంటే కొంత నూనె తీసివేయడం మేలు కదా!

నిజమైన లీకును పట్టుకొనడానికి ముందుగా అన్నిటినీ పొడిగా తుడిచి, కీళ్లకు తెల్లని కాగితం చుట్టాలి. చక్రాన్ని ఒక చివరకు త్రిప్పి కొన్ని క్షణాలు అదిమిపట్టి, తరువాత రెండవ చివరకు త్రిప్పాలి. ఏ కాగితం ముందు తడిస్తే లోపం అక్కడే. కారే చోటును చేతితో తడమరాదు. సన్నని చిల్లు నుంచి అధిక పీడనంతో చిమ్మే నూనె చర్మంలోకి దూసుకుపోగలదు, అది ఆసుపత్రి పాలు చేసే గాయం.

కడ్డీ చివర తడి ఉంటే సీలు మార్చాలి. కాని ఉప్పునీటికి కడ్డీపై గుంటలు పడ్డాయేమో గోటితో చూడాలి. గోరు తగులుకుంటే కొత్త సీలు కూడా త్వరలోనే కోసుకుపోతుంది. గొట్టం బిగింపుల వద్ద తెల్లని టేపు చుట్టడం చాలామందికి అలవాటు. ఆ టేపు ముక్కలు లోపలి వాల్వులలో ఇరుక్కుంటాయి కనుక తయారీదారు సూచించిన ద్రవ సీలెంటే వాడాలి. బ్రేక్ ఆయిల్ పోయడం అంతకన్నా పెద్ద పొరపాటు, అది ఈ రబ్బరును ఉబ్బించి పాడుచేస్తుంది.

బయట చుక్కయినా కారక, చివరకు త్రిప్పిన చక్రం ఆగకుండా జారుతూనే ఉంటే? ముందు గాలి తీయాలి. అప్పటికీ జారితే లీకు లోపలిదన్నమాట. సిలిండరు వద్ద గొట్టాలను విప్పి, వాటి చివరలను తగిన ప్లగ్గులతో మూసి చక్రం త్రిప్పి చూడాలి. గట్టిగా నిలిస్తే తప్పు సిలిండరులో, ఇంకా జారితే పంపు వైపున ఉన్నది.

మరమ్మతు ముగిసిన పిదప పైనుంచి నూనె నింపుతూ, బుడగలు ఆగేవరకు గాలి తీసి, చక్రాన్ని ఇరువైపులా పలుమార్లు త్రిప్పాలి. మరునాడు ఉదయం నూనె మట్టాన్నీ, కాగితాలనూ మరల చూచిన తరువాతనే ట్రైలరును ఒడ్డుకు కదిలించవచ్చు.