దూది పోగు, గొంగడి పోగు

జయశంకర్ భూపాలపల్లి జిల్లా టేకుమట్లలో పత్తి కాయలు పగిలే రోజుల్లో ఏ చేనుకైనా వెళ్లి, గింజ మీది నుంచి ఒక్క దూది పోగును లాగి చూడండి. రెండున్నర, మూడు సెంటీమీటర్ల పొడవుండే ఆ పోగు మొత్తం ఒకే ఒక్క కణం. వృక్షకణానికీ జంతుకణానికీ గల తేడా చెప్పడానికి పాఠ్యపుస్తకాల్లోని ఉల్లిపొర కంటే ఇదే మేలని నా అభిప్రాయం.

పువ్వు విచ్చిన రోజునే గింజ పైపొరలోని కొన్ని కణాలు ఉబికి, సాగడం మొదలుపెడతాయి. కణం లోపలి పెద్ద రిక్తికలో పొటాషియం లవణాలు, చక్కెరలు చేరేకొద్దీ ద్రవాభిసరణం వల్ల నీరు లోపలికి వస్తుంది. ఆ ఒత్తిడికి లేత కణకవచం, అంటే కణం చుట్టూ ఉండే గోడ, సాగుతుంది. దాదాపు మూడు వారాలు ఇదే పని. ఈలోగానే కవచం లోపలివైపు సెల్యులోజ్ పొరమీద పొరగా పేరుకోవడం మొదలవుతుంది. కాయ పగిలాక కణం ఎండి చనిపోతుంది. గొట్టంలా ఉన్న పోగు చప్పిడిపడి మెలికలు తిరుగుతుంది. ఆ మెలికలు ఒకదాన్నొకటి పట్టుకోబట్టే నూలు వడకగలుగుతున్నాం. మన ఒంటి మీది నూలుబట్ట, చనిపోయిన కణాలు మిగిల్చిన గోడలే.

జంతుకణానికి ఆ గోడ లేదు. పలుచని ప్లాస్మాపొరే దానికి హద్దు. ఎర్ర రక్తకణాన్ని స్వచ్ఛమైన నీటిలో వేస్తే ఉబ్బి పగిలిపోతుంది. ఆసుపత్రిలో ఎక్కించే సెలైన్‌లో 0.9 శాతం ఉప్పు ఉండేది అందుకే. పత్తి ఆకు కణం అదే నీటిలో బిగుసుకుంటుంది గాని పగలదు. విభజనలోనూ గోడదే పెత్తనం: జంతుకణం నడిమికి నొక్కుకుని రెండవుతుంది, వృక్షకణం మధ్యలో కొత్త గోడ కట్టుకుంటుంది.

హరితరేణువులు మొక్కలకు, మైటోకాండ్రియా జంతువులకు అని పంచిపెట్టేసే విద్యార్థులు చాలామంది. మైటోకాండ్రియా రెండింటిలోనూ ఉంటాయి. హరితరేణువులేమో మొక్కలోనైనా మట్టి కింది వేరు కణాల్లో కనబడవు. మైటోకాండ్రియా తయారుచేసే, కణానికి శక్తినందించే ఏటీపీ అణువును 1929లో కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. పత్తి మొక్క కణాలూ ఆ ఏటీపీతోనే నడుస్తాయి.

ఇక జంతుకణాల పోగు, అంటే గొర్రెల కాపరులైన కురుమలు ఉన్నితో నేసే గొంగడి సంగతి. గొర్రె ఉన్ని వెంట్రుకల్లో ఒక్కొక్కటి ఎన్నో మృతకణాల పేర్పు. కణకవచం లేదు కనుక, కణాల లోపల కిక్కిరిసిన కెరటిన్ అనే ప్రోటీనే దానికి బలం. పెద్దల సమక్షంలో రెండు పోగులనూ కాల్చి చూడవచ్చు. దూది కాగితంలా మండుతుంది, ఎందుకంటే కాగితమూ సెల్యులోజే. ఉన్ని ముడుచుకుపోయి, జుట్టు కాలినట్టు కమురు వాసన వేస్తుంది. కెరటిన్‌లోని గంధకం ఆ వాసనకు ఒక కారణం.